ఫాదర్ల బడిలో మా మామగారు తాగిన నీళ్లు

మా మామగారు పోయారు. మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున మొహం కడుక్కొని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. పాలలో నీళ్లు ఎక్కువయ్యాయని పాలామె మీద కేకలు వేస్తూ, మాట మధ్యలో ఆగిపోయారు. ఆమె కొంచెంసేపు చూసి, "ఏంది సామీ, ఇంగ తిట్టవా?" అని అడిగింది. తిట్టు రాలేదు. చెంబు కింద పెట్టి నన్ను పిలిచింది. చిక్కబళ్లాపురంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి పోయాడన్న సంగతి మొదట తెలిసింది ఆమెకే.

పోయిన నెల ఒక పత్రికలో ఆయన గురించి నాలుగు వాక్యాలు పడ్డాయి. పాత విద్యార్థి ఎవరో రాశారు. శాంతమూర్తి, మృదుభాషి, అందరివాడు అని ఉంది. మా ఆయన ఆ ముక్క కత్తిరించి పంచాంగంలో పెట్టుకొన్నారు. నేను బాగేపల్లిలో నాలుగో తరగతి దాకా చదివినదాన్ని. పత్రికలకు రాసేంత చదువు కాదు. కానీ ఆ మూడు మాటలూ తప్పు. ఆయన బతికి ఉంటే ఆ రాసినవాణ్ణి బెంచీ ఎక్కించి ఉండేవారు. అందుకని ఇది రాస్తున్నాను. చదివే అక్కచెల్లెళ్లు, పోయినవాళ్ల గురించి ఇట్లా రాయవచ్చునా అని అనుకోవచ్చు. రాయవచ్చునో లేదో నాకు తెలియదు.

నేను కాపురానికి వచ్చిన రోజు, పసుపు కాళ్లతో గడప దాటి నిలబడ్డాను. అందరూ ఆశీర్వదించారు. ఆయన మాత్రం కళ్లజోడు పైకి తోసి, "నాలుగు చదివినావంట. పదమూడు ఏడ్లెంత?" అన్నారు.

నాకు తెలుసు. కానీ అంతమందిలో నోరు పెగల్లేదు.

"తెలీదా, చెప్పేదానికి సిగ్గా?"

నేను తల వంచుకొన్నాను.

"తెలీకుంటే తెలీదను. అదీ జవాబే. నోరు మూసుకొని నిలబడేది జవాబు కాదు." అని లోపలికి పోయారు.

ఆ సాయంత్రం పెరట్లో బావి పక్కన కూర్చొని ఏడ్చాను. తరువాత ఆరేళ్లు ఆ ఇంట్లో ఆయనతో ఉన్నాను. అత్తగారు నేను రాకముందే పోయారు కాబట్టి, ఆయన కోపానికి ఇంట్లో ఉన్న మనిషిని నేనొక్కదాన్నే. మా ఆయన తాలూకా కచేరీకి పొద్దునే పోయేవారు. అన్నంలో రాయి వస్తే ఆ రాయి తీసి నా ముందు నేల మీద పెట్టి మాట్లాడకుండా లేచేవారు. నేను వేసిన ముగ్గు చూసి, "ఇది చతురస్రం కాదు, నీ మూలలు నాలుగూ నాలుగు దిక్కులకు పోతాండాయి" అని కాలితో చెరిపారు ఒకసారి. ఆయన నాకు ఒక్కరోజు కూడా ఇష్టం కాలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే తరువాత రాసేది మీరు నమ్ముతారని చెబుతున్నాను.

ఆయన పని చేసింది ఫాదర్ల హైస్కూలులో. ఊరి చివర చర్చి, దాని పక్కన పొడుగాటి పెంకుల బడి. మాది బ్రాహ్మణ వీధి. ఆ రోజుల్లో మా వీధివాడు పాదిరీల బడిలో జీతానికి చేరడమంటే కులం వదిలినట్టే. ఆయన చేరతానన్నప్పుడు వీధి పెద్దలు అడ్డం పడ్డారట. చివరికి వాళ్ల నాయనగారు ఆయన్ను దేవళం ముందు నిలబెట్టి మాట తీసుకొన్నారు. పాఠం చెప్పవచ్చు, ఆడ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. ముట్టినరోజు నుంచి మనవాళ్ల భోజనాల పంక్తిలో కూర్చోకూడదు.

ఆ మాట ఆయన ముప్పై ఏళ్లు పట్టుకొన్నారు. పొద్దున తొమ్మిదికి పోతే సాయంత్రం నాలుగున్నరకు రావడం. అన్ని గంటలు గట్టిగా పాఠం చెప్పి, గొంతులో చుక్క పోయకుండా వచ్చేవారు. ఎండాకాలంలో పెదవులు తెల్లగా పొరలు లేచి ఉండేవి. కోటు, తలపాగా బయటి వసారాలో కొయ్యకు తగిలించి, ఎవరినీ తాకకుండా పక్క సందులో నుంచి పెరట్లోకి పోయి, రెండు బిందెలు తల మీద పోసుకొని, మడిబట్ట కట్టుకొన్న తరువాతే చెంబెత్తి నీళ్లు తాగేవారు. ఆ రెండు బిందెలూ తోడి పెట్టడం నా పని. ఒక నిమిషం ఆలస్యమైతే, తడవని బట్టలతో బావి దగ్గర నిలబడి, "గడియారం అనేది మీ బాగేపల్లికి ఇంకా రాలేదేమో" అనేవారు. ఎండిన గొంతుతో అంటారు కనుక ఆ మాట గీసుకొని వచ్చేది.

బడిలో కూడా ఆయన ఎవరితోనూ మంచిగా ఉన్నట్టు లేదు. బడి పెద్ద ఫాదరు వేరే దేశం నుంచి వచ్చినవాడు. పొడుగు గడ్డం. ఇద్దరూ ఒకే ఏడు ఆ బడికి వచ్చారు. ముప్పై ఏళ్లు కొట్లాడుకొన్నారు. ఆ కొట్లాటలు మాత్రం మామగారు ఇంట్లో ఇష్టంగా చెప్పుకొనేవారు. ఒకరోజు పాఠం మధ్యలో చర్చి గంట కొడితే పిల్లల్ని పంపమన్నాడట ఫాదరు.

"త్రిభుజం సగంలో ఉండాది సామీ. మీ దేవుణ్ణి రెండు నిమిషాలు ఆగమనండి" అన్నారట ఈయన.

"మా దేవుడు ఆగుతాడు మేష్ట్రే. గంట కొట్టేవాడు ఆగడు" అన్నాడట ఆయన కన్నడంలో.

ఆ ఫాదరే ఈయన గది బయట ఒక కొత్త మట్టికుండ పెట్టించి, మా వీధి పిల్లవాడి చేతనే నీళ్లు నింపించే ఏర్పాటు చేశాడు. బ్రాహ్మణుడు నింపిన నీళ్లు కదా, తాగవచ్చునని ఆయన లెక్క. మామగారు రోజూ ఆ కుండ పక్క నుంచే పోయి వచ్చారు. దాని వైపు చూడలేదు. "వాడికి అర్థం కాదు" అనేవారు. "కుండ ఎవరిదని కాదు నేను మాట ఇచ్చింది. ఆడ తాగనని ఇచ్చినాను."

నేను వచ్చిన రెండేళ్లకు ఆయనకు ఉద్యోగం నుంచి నివృత్తి అయింది. బడిలో పెద్ద బీళ్కొడుగె, అంటే వీడ్కోలు సభ, చేశారు. పూలదండలు, ఒక గొడుగు, అద్దం కట్టించిన సన్మానపత్రం. మా ఆయన కచేరీ పని వల్ల పోలేకపోయారు. ఆడవాళ్లం పోయే చోటు కాదు. నాలుగున్నరకు బిందెలు రెండూ తోడి పెట్టి నిలబడ్డాను. ఐదైంది. దీపం వేళ అవుతుండగా వచ్చారు. కోటు తీయలేదు. పెరట్లోకి పోలేదు. వసారాలోనే గోడకు ఆనుకొని కూర్చున్నారు.

నేను తలుపు చాటు నుంచి, "నీళ్లు తోడి పెట్టినాను" అన్నాను.

"తాగి వచ్చినా" అన్నారు.

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయనకు తెలిసింది. ఎప్పుడూ లేనిది, అరవకుండా చెప్పారు. సభ అయిపోయి అందరూ పోయిన తరువాత గది తాళం ఇవ్వడానికి వెనక్కి పోయారట. ఫాదరు ఒక గ్లాసు పట్టుకొని వచ్చాడట.

"ముప్పై ఏండ్లు ఎండిన గొంతుతో చెప్పినావు, ఈ బడికి ఆ పాపం వద్దు, ఒక్కసారి తాగు అన్నాడు. చెయ్యి వణుకుతాండె ముసలోడిది. నీళ్లు కింద వలుకుతాండాయి. గ్లాసు పట్టుకొన్నా. పట్టుకొన్నంక తాగినా."

నేను దీపం తెచ్చి గూట్లో పెట్టాను.

"అడిగినోళ్లకు చెప్తా. అడగనోళ్ల ఇంటికి పోయి చెప్పను. నువ్వూ అట్లే ఉండు." అని లేచి, పెరట్లోకి పోయి ఆ రెండు బిందెలూ ఎప్పటిలాగే పోసుకొన్నారు. రెండో బిందె తక్కువగా నింపానని అక్కడి నుంచే అరిచారు.

అడుగుతారని ఆయన అనుకొన్నారు. ఎవరూ అడగలేదు. ఆయన తాగి ఉంటారని మా వీధిలో ఎవరికైనా తోస్తే కదా. వారం తిరక్కముందే వీధి పెద్దాయన, ఇంకో ఇద్దరు ఇంటికి వచ్చారు.

"ముప్పై ఏండ్లు పాదిరీల మధ్య ఉండి చుక్క ముట్టకుండా బయటికొచ్చినావు. అగ్నిలో నుంచి వచ్చినట్ల. ఉగాదికి దేవళంలో శాలువా కప్పుతాము. ఆపొద్దు పంక్తిలో మొదటి ఆకు నీదే" అన్నాడు పెద్దాయన.

"నాకు శాలువా వద్దు" అన్నారు మామగారు.

"వద్దనే మాటేమప్పా? మీ నాయనకిచ్చిన మాట..."

"చలికాలం అయిపోయింది. శాలువా ఎందుకు? నా పంక్తి నాకు ఇంట్లో ఉండాది. పోయి రాండి."

ముగ్గురూ తెల్లబోయి లేచారు. సందు మలుపులో, "పాదిరీల జీతం తిన్న పొగరు ఇది" అన్న మాట మాకు వినబడాలనే గట్టిగా అన్నారు. ఆ రోజు నుంచి నాలుగేళ్లు ఆయన వీధిలో ఎవరి ఇంట్లోనూ భోజనానికి కూర్చోలేదు. పెళ్లికి పిలిస్తే పోట్లాట పెట్టుకొనేవారు. ఉపనయనానికి పిలిస్తే కడుపులో బాగా లేదనేవారు. చింతామణిలో సొంత మేనల్లుడి పెళ్లికి పోయి, పంక్తి వేసే వేళకు ఏదో మాట పట్టుకొని రంకెలేసి బస్సెక్కి వచ్చేశారు. గర్విష్ఠి అన్నారు. నోటి దురుసు అన్నారు. నోటి దురుసు నిజమే. కానీ తన పక్కన కూర్చొనేవాళ్లు తెలియక కూర్చొంటారని ఆయన కూర్చోలేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. మా ఆయనకు కూడా తెలియదు. మా ఆయన అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

పాఠం చెప్పడానికి పిల్లలు లేకపోయేసరికి ఆయన నా మీద పడ్డారు. మూడు గంటల వేళ, అంట్లు తోమి నడుం వాల్చే ఒక్క గంట, పలక పట్టుకొని కూర్చోమనేవారు. భాగహారం, భిన్నాలు, ఆ తరువాత కన్నడ పత్రిక, తెలుగు పత్రిక చదివించడం. "నీకుండేది బుర్ర కాదు, బూడిదగుమ్మడికాయ. కోసినా గింజలే వస్తాయి" అనేవారు. జవాబు సరిగ్గా వచ్చినా ఒప్పుకొనేవారు కాదు. "జవాబు పక్కింటోళ్లు కూడా చెప్తారు. నువ్వు వచ్చిన దారి రాయి" అనేవారు. ఏడుస్తూ రాశాను. నిద్ర కళ్లతో రాశాను. యుద్ధం రోజుల్లో కిరసనాయిలు దొరకక దీపం ముందే ఆర్పేస్తున్నామని చెప్పి, ఆ పాఠం ఇంకా ముందుకు జరిపి రెండు గంటలకే కూర్చోబెట్టారు. ఈ రోజు ఎవరి సాయం లేకుండా ఇంత రాయగలుగుతున్నానంటే ఆ పలక వల్లనే. దానికి కృతజ్ఞత ఉంది. ఆ నిద్ర పోయిందన్న కోపం కూడా ఉంది. రెండూ అట్లే ఉన్నాయి.

ఆయన పోయిన నాలుగో రోజు ఫాదరు వచ్చాడు. ఇంకా ముసలివాడయ్యాడు. కర్ర పట్టుకొని, గడప తొక్కకుండా వీధిలోనే ఎండలో నిలబడ్డాడు. మా ఆయన అప్పుడు ఇంట్లో లేరు. పరామర్శకు వచ్చిన వీధివాళ్లు అరుగు మీద ఉన్నారు. ఫాదరు ఏడుస్తూ కన్నడంలో చెప్పుకొచ్చాడు. గొప్ప మేష్ట్రు, గొప్ప మనిషి, ముప్పై ఏళ్లు మా నీళ్లు తాగలేదు, చివరి రోజు నా చేతి నీళ్లు తాగాడు, ఆ గ్లాసు నా గదిలో దాచుకొన్నాను అన్నాడు. తాను మామగారిని పొగుడుతున్నానని ఆయన అనుకొన్నాడు. అరుగు మీద ఒకరిద్దరు లేచి కండువాలు దులుపుకొన్నారు. దణ్ణం పెట్టి ఆయన పోయాడు.

ఆ సాయంత్రం పెద్దాయన పదిమందితో వచ్చాడు. పన్నెండో రోజు పోయినవారి పేరున భోజనానికి కూర్చునే బ్రాహ్మణులను భోక్తలంటాం. వాళ్లు తిని తృప్తి అంటేనే పోయినవారికి దారి అని మా నమ్మకం. ఆ కూర్చోవలసిన వాళ్లు మా వీధివాళ్లే.

"పాదిరి కతలు చెప్తాడప్పా. పోయినోణ్ణి తమవాణ్ణి చేసుకొనేది వాళ్లకు అలవాటు. నువ్వొక మాట అనేస్తే సరిపోతుంది. మీ నాయన తాగలేదు కదా?" అన్నాడు పెద్దాయన.

"మా నాయనా? సచ్చినా తాగడు. ఆ ముసలాయనకు మతి చెడింది" అన్నారు మా ఆయన. ఆయన నమ్మి అన్న మాట అది.

"అంతే. మేమూ అదే అనుకొన్నాము. పాదిరి అబద్ధమాడినాడని రేపు బజార్లో చెప్పేస్తాము." పెద్దాయన లేవబోయి, తలుపు వైపు తిరిగాడు. "నివృత్తి అయిన పొద్దు ఇంట్లో నువ్వే ఉంటివి కదమ్మా. నీతో ఏమన్నా అనినాడా? లేదని నువ్వూ ఒక మాట చెప్పు. ఆడవాళ్ల నోట కూడా వచ్చిందంటే ఇంగ ఎవురూ నోరెత్తరు."

అంతమంది మగవాళ్ల ముందు నేను ఎప్పుడూ మాట్లాడినదాన్ని కాదు. తలుపు రెక్క పట్టుకొని నిలబడ్డాను. లేదు అంటే పని అయిపోతుంది. భోక్తలు కూర్చొంటారు, మా ఆయన తల ఎత్తుకొని తిరుగుతారు, మామగారి దారి మామగారికి దొరుకుతుంది. నాకు ఇష్టం లేని మనిషి కోసం ఒక చిన్న మాట. ఎండలో నిలబడి ఏడ్చిన ఆ ముసలాయన ఊళ్లో అబద్ధాలకోరు అవుతాడు, అంతే.

"తాగినారు" అన్నాను.

"ఏమంటివి?"

"తాగినారు. ఆ పొద్దే నాతో చెప్పినారు. మీరు అడిగింటే మీకూ చెప్పేటోళ్లు. నాలుగేండ్లు ఎవురూ అడగలేదు."

అరుగు మీద ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. పతితుడన్నారు. కోడలిని చూడండి అన్నారు. కొడుకు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి, వీధి ముందు నిలబడి మా నాయన తప్పు చేశాడని ఒప్పుకోవాలి, అప్పటిదాకా ఎవరూ ఆకు ముందు కూర్చోరు అని చెప్పి దిగిపోయారు.

మా ఆయన నాతో ఒక్కటే అడిగారు. "నాకెందుకు చెప్పలేదు?" అని. నేను జవాబు చెప్పేలోపల చెయ్యి ఊపి, "నువ్వు కూడా ఆయన మాదిరే అయినావు" అని బయటికి పోయారు. ఆ తరువాత ఐదు రోజులు నాతో మాట లేదు. వడ్డిస్తే తినేవారు. బావి దగ్గరికి పోతే పక్కింటి ఆడవాళ్లు బొక్కెన తీసుకొని ఇంట్లోకి పోయేవారు.

పదో రోజు మా ఆయన పెద్దాయన ఇంటికి పోయారు. ఒప్పుకొని వస్తారనుకొన్నాను. ఏం జరిగిందో పాలామె చెప్పింది, ఆమె అక్కడ పాలు పోస్తూ విన్నదట.

"తాగినాడని ఒప్పుకొంటా. తప్పు చేసినాడని మాత్రం నా నోట రాదు" అన్నారట మా ఆయన.

"రాకుంటే భోక్తలు రారు."

"రానీకండి."

సాదలి నుంచి ఒక ముసలి పురోహితుడు వచ్చాడు. మాకు దూరపు చుట్టం. బీదవాడు, చెవులు సరిగా వినబడవు. సంగతంతా రెండుసార్లు గట్టిగా చెప్పించుకొని, "భోక్తలు దొరకని చోట దర్భలు కూర్చోబెట్టొచ్చు. శాస్త్రంలో ఉండాది. వీధి కోసం శాస్త్రం ఆగదప్పా" అన్నాడు. పన్నెండో రోజు అట్లాగే జరిగింది. నేను తెల్లవారకముందు నుంచి వంట చేశాను. అన్నంలో రాళ్లు రెండుసార్లు ఏరాను. తినేవాళ్లు ఎవరూ లేరని తెలిసి కూడా ఏరాను.

నడవలో రెండు పీటలు వేశారు. ఒక్కొక్క పీట మీద మనిషికి బదులు ఒక దర్భముడి, దాని ముందు ఆకు. వీధి తలుపు తెరిచే పెట్టమన్నారు మా ఆయన. ఎదురింటి వాళ్లు, పక్కింటి వాళ్లు తమ గడపల్లో నిలబడి చూస్తున్నారు. నేను వంటింట్లో నుంచి ఒక్కొక్క గిన్నె అందిస్తున్నాను. పప్పు, కూర, గారెలు. ఇంతలో వీధిలో నుంచి గాలి వచ్చి మొదటి పీట మీద దర్భముడి లేచి పక్కకు జరిగింది. పురోహితుడు కళ్లు మూసుకొని మంత్రం చెబుతున్నాడు, చూడలేదు. మా ఆయన ఎడమచేతి చూపుడువేలు దాని మీద పెట్టి, మెల్లగా పీట మధ్యకు తెచ్చి, అట్లే పట్టుకొన్నారు.

"నెయ్యి తే" అన్నారు నాతో.

తెచ్చాను. ఆయన వేలు తీయలేదు. ఒక చేత్తో ఆ గడ్డిపరకలను కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో వేడి అన్నం మీద నెయ్యి వడ్డించారు.